నోన్నా దిగిన రేవు

వుడ్‌బ్రిడ్జ్,
2025 అక్టోబరు 26

నా బంగారు తల్లికి,

మొన్న నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటో చూసిన దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు. సముద్రం ఒడ్డున ఆ పొడుగాటి భవనం, దాని మీద పియర్ 21 అన్న అక్షరాలు, కింద నువ్వు రాసిన ఒక్క ముక్క: "నోన్నా దిగింది ఇక్కడేనా అమ్మా?"

అవును తల్లీ, అక్కడే. ఓడల్లో కెనడాకు వలస వచ్చినవాళ్ళు దిగిన హాలిఫాక్స్ రేవు అదే. మీ నాన్నకు చూపిస్తే కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు, ఏమీ అనలేదు. మీ నానమ్మ పోయి ఎనిమిది నెలలయినా వాళ్ళమ్మ గురించి రెండు మాటలు దాటి మాట్లాడలేకపోతున్నాడు. అందుకే నేను రాస్తున్నాను.

తెలుగులో ఎందుకు అంటావేమో. నువ్వు తెలుగు బడికి ఏడ్చుకుంటూ వెళ్ళిన ఆదివారాలు నేను మర్చిపోలేదు. కానీ నోన్నా గురించి ఇంగ్లీషులో రాద్దామని కూర్చుంటే నాకు ఒక్క వాక్యం కూడా సాగలేదు. ఆవిడకీ నాకూ మధ్య ఇంగ్లీషు ఎప్పుడూ అద్దె ఇల్లే. ఆవిడ దక్షిణ ఇటలీ కలాబ్రియా యాసలో ఏదో అనేది, నేను తెలుగులో ఏదో గొణుక్కునేదాన్ని, పని మాత్రం జరిగిపోయేది. కూడబలుక్కుంటూ చదువు. అర్థం కానిచోట ఫోన్ చెయ్యి.

1958 మార్చి. ఓడ పేరు సతూర్నియా. నేపుల్స్‌లో ఎక్కింది. జిబ్రాల్టర్, లిస్బన్ మీదుగా అట్లాంటిక్ దాటి హాలిఫాక్స్ చేరింది. దారి పొడుగునా పడుకునే ఉందట, లేస్తే వాంతులు. అప్పటికి ఆవిడకు ఇరవై ఒక్కేళ్ళు. నీకు వచ్చే నెల పంతొమ్మిది నిండుతాయి. ఆ లెక్క చూసుకుంటే నాకు కడుపులో ఏదోలా ఉంటుంది.

పెద్ద హాల్లో చెక్క బెంచీల మీద కూర్చోబెట్టి ఒక్కొక్కళ్ళనీ పిలిచారట. కాగితాలు చూసి పంపాక ఇంకో బల్ల దగ్గర సామాను విప్పించారు. దుప్పట్ల మడతల్లో వాళ్ళమ్మ నాలుగు సొప్రెస్సాతాలు పెట్టింది. పంది మాంసంలో ఎర్ర కారం కూరి ఎండబెట్టే సాసేజీలు అవి. ఏడాదికి ఒక్క పందిని పెంచుకునే ఇల్లు వాళ్ళది. శీతాకాలంలో కోస్తే ఆ మాంసం సంవత్సరమంతా రావాలి. అందులోంచి తీసి కూతురికి కట్టింది ఆ తల్లి. బయటి దేశాల మాంసం లోపలికి తేకూడదన్నది ఇక్కడి నియమం, కాబట్టి బల్ల దగ్గరున్నాయన తీసి పక్కనున్న డబ్బాలో పడేశాడు. నోన్నాకు ఒక్క మాట అర్థం కాలేదు. ఆయనకు ఆకలేస్తోందేమో అనుకుని, ఒకటి మీరు తీసుకోండి, మూడు నాకు వదిలెయ్యండి అని వేళ్ళు చూపించిందట.

ఈ సంగతి నాకు కనీసం ఇరవైసార్లు చెప్పింది. ప్రతిసారీ ఆ వేళ్ళు చూపించేది. ముందు ఒకటి, తర్వాత మూడు. అరవై ఏళ్ళు దాటాక కూడా ఆ మూడు వేళ్ళు చూపించేటప్పుడు గొంతు మారిపోయేది. నేను 1999లో వచ్చినప్పుడు మా అమ్మ కట్టిన ఆవకాయ సీసా పగలకుండా, కారకుండా ఇంటిదాకా తెచ్చుకున్నానని ఒకసారి చెబితే, నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని "బ్రావా, బ్రావా" అంది. ఆవిడ దగ్గర నేను అందుకున్న మొదటి మెప్పు అదే.

హాలిఫాక్స్ నుంచి టొరంటోకు రైల్లో రెండు రాత్రులు. కిటికీలోంచి మంచూ చెట్లూ తప్ప ఇల్లనేది కనపడలేదట. తినడానికి మెత్తటి తెల్ల బ్రెడ్డు ఇచ్చారు. నోట్లో పెడితే దూదిలా ఉంది, ఇది తిని బతికేవాళ్ళ దేశానికి వచ్చానా అనుకుందట. స్టేషన్లో దిగాక, ప్లాట్‌ఫారం మీద ఎదురు చూస్తున్న మనిషిని చూసి, ఈయనే కదా నా మొగుడు అని ఒకటికి రెండుసార్లు చూసుకుంది.

ఎందుకంటే వాళ్ళ పెళ్ళిలో పెళ్ళికొడుకు లేడు.

హాల్లో గోడ మీద ఉండే ఫోటో గుర్తుందా? ఐదేళ్ళప్పుడు నువ్వే పట్టుకున్నావు, "ఈయన నోన్నో కాదు కదా" అని. కాదు. ఆయన నోన్నో అన్నయ్య. పెర్ ప్రొకూరా అంటారు ఆ పెళ్ళిని. నోన్నో అప్పటికే రెండేళ్ళుగా టొరంటోలో మట్టి పని చేస్తున్నాడు. పెళ్ళి కోసం ఇటలీ వెళ్ళి రావాలంటే దాచినదంతా టికెట్లకే పోతుంది. అందుకని కాగితం మీద అధికారం ఇచ్చి, తన తరఫున అన్నను నిలబెట్టాడు. ఆ రోజుల్లో వేల మంది ఆడపిల్లలు అలాగే పెళ్ళి చేసుకుని ఓడలెక్కారు. మంత్రాలు అయ్యాయి, విందు అయింది, సాయంత్రం పెళ్ళికూతురు మళ్ళీ తన పుట్టింటికే వెళ్ళి చెల్లెళ్ళ పక్కన పడుకుంది. "పెళ్ళి బట్టలు నేనే విప్పి నేనే మడత పెట్టుకున్నాను" అంది నాతో ఒకసారి. ఇంకేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

వాళ్ళ ఊరు బూటులా ఉండే ఇటలీ కాలి బొటనవేలి దగ్గర, సెర్రా సాన్ బ్రూనో పక్క కొండల్లో. దగ్గర్లోనే సాధువుల పెద్ద మఠం ఉంది. జర్మనీ నుంచి వచ్చిన బ్రూనో అనే సాధువు 1091లో పెట్టింది. చుట్టూ అడవి. ఆవిడ తండ్రి ఆ అడవిలో బొగ్గులు కాల్చేవాడు. కట్టెల్ని గుండ్రంగా గోపురంలా పేర్చి, పైన గడ్డి, మట్టి కప్పి, మధ్యలోంచి నిప్పు వేస్తారు. మంట పైకి రాకూడదు, ఆరిపోనూ కూడదు. రాత్రీ పగలూ కాపు కాయాలి. పొగ తెల్లగా వస్తే ఇంకా తడి ఉన్నట్టు, సన్నగా నీలంగా మారితే బొగ్గు తయారైనట్టు. ఎనిమిదేళ్ళ పిల్లప్పటి నుంచి నాన్నకు అన్నం మోసుకెళ్ళేది. తలమీద గుడ్డ చుట్టి కుదురు పెట్టుకుని, దాని మీద బుట్ట. మన చుట్టకుదురే! నేను ఆ మాట చెబితే ఆవిడ పది రోజులు "చుత్తాకుదూరు" అంటూ తిరిగింది.

చదువు మూడో తరగతితో ఆగిపోయింది. యుద్ధం అయిపోయాక ఆ కొండల్లో పనులు లేవు, భూమి కొద్దిమంది చేతుల్లో ఉండేది. 1951 అక్టోబరులో వరదలొచ్చి కలాబ్రియాలో ఊళ్ళకు ఊళ్ళే దెబ్బతిన్నాయి. అప్పటి నుంచి మగపిల్లలు ఒక్కొక్కరే వెళ్ళిపోవడం మొదలైంది. యుద్ధం తర్వాత పాతికేళ్ళలో ఒక్క కెనడాకే ఇటలీ నుంచి నాలుగు లక్షల మందికి పైగా వచ్చారు. ముందు వచ్చినవాడు పూచీ పడి తమ్ముణ్ణి పిలిపించేవాడు, తమ్ముడు బావమరిదిని. మా నరసరావుపేట నుంచి ఒకళ్ళ వెనక ఒకళ్ళు అమెరికా పోయినట్టే.

కొర్రేదో అని ఒకటి ఉంటుంది వాళ్ళకి. మన సారె లాంటిదే. పిల్ల పుట్టినప్పటి నుంచీ తల్లి కూడబెట్టే దుప్పట్లు, తువ్వాళ్ళు, అన్నీ డజన్ల లెక్కన. నోన్నా పెట్టెలో వాటితో పాటు ఒక మొరటు దుప్పటి వచ్చింది. జినేస్త్రా అని కొండల మీద పసుపు పూలు పూసే పొద, దాని కాడల్ని నీళ్ళలో నానబెట్టి, బండకేసి కొట్టి, నార తీసి నేసింది. శీతాకాలంలో నువ్వు గుచ్చుకుంటోందని విసిరికొట్టేదానివే, అదే. ఇప్పుడు నా మంచం కాళ్ళ దగ్గర ఉంది. నీకు కావాలంటే తీసుకో. చాకలి యంత్రంలో మాత్రం వెయ్యకు.

టొరంటోలో మొదటి ఇల్లు కాలేజ్ స్ట్రీట్ దగ్గర. ఒకే ఇంట్లో మూడు కుటుంబాలు, ఒకే వంటిల్లు. వచ్చిన మూడో వారమే స్పడైనా అవెన్యూలో కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో చేరింది. ముక్కకు ఇంత అని కూలి. ఆవిడ పని కోటు చేతులకు లోపలి గుడ్డ వెయ్యడం. కుడి చూపుడువేలి గోరు మధ్యలో నిలువుగా ఒక గీత ఉండేది చూశావా? మిషను సూది గోట్లోంచి దిగి అవతలికి వచ్చింది. గుడ్డ కట్టుకుని సాయంత్రం దాకా కుట్టింది, లేచి వెళితే ఆ రోజు ముక్కలు పోతాయని. తర్వాత ఆ గోరు రెండు చీలికలుగానే పెరిగింది. బేస్‌మెంట్లో నాకు ఫిలేయా అనే పాస్తా చెయ్యడం నేర్పేటప్పుడు, పిండి ముక్కని సన్న పుల్ల మీద పెట్టి ఆ వేలితో ఒక్క తోపు తోసేది. పిండి పుల్ల చుట్టూ చుట్టుకునేది. ప్రతి ఫిలేయా మీదా ఆ గోటి గీత పడేది. ఇప్పుడు నేను చేస్తే నున్నగా వస్తున్నాయి. నాకు నచ్చడం లేదు.

1960 మార్చి 17 గురించి నీకు తెలియాలి. హాగ్స్ హాలో అనే చోట డాన్ నది కింద నీళ్ళ పైపు కోసం సొరంగం తవ్వుతుంటే లోపల మంటలు లేచాయి. ఐదుగురు చనిపోయారు. ఐదుగురూ ఇటలీ నుంచి వచ్చినవాళ్ళే. కింద ఉన్నవాళ్ళకు సరైన రక్షణ సామాను కూడా లేదు. ఆ రాత్రి నోన్నో వేరే చోట మురుగు పైపుల గోతిలో ఓవర్‌టైం చేస్తున్నాడు. ఇంట్లో ఫోన్ లేదు. ఎక్కడ పని చేస్తున్నాడో కూడా నోన్నాకు సరిగ్గా తెలియదు, "సొరంగంలో మనవాళ్ళు" అన్న మాటొక్కటే వీధిలో పాకింది. మూడు నెలల మీ పెద్దత్తను ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడింది. రెండు గంటలకు ఆయన ఒంటినిండా మట్టితో వచ్చాడు. ఆవిడ ఏడవలేదు, బిడ్డను ఆయన చేతుల్లో పెట్టి వెళ్ళి నీళ్ళు కాచింది.

ఆ తర్వాత రాయల్ కమిషన్ వేశారు, కార్మికుల రక్షణ చట్టాలు మారాయి. 1960, 61లో ఇటాలియన్ కూలీలు పెద్ద సమ్మెలు చేశారు. నోన్నో వాటిలో ఉన్నాడు, ఆ వారాలన్నీ ఇల్లు నడిచింది నోన్నా కోటు చేతుల మీదే. యార్క్ మిల్స్ సబ్‌వే స్టేషన్లో ఆ ఐదుగురి కోసం గోడ మీద పెద్ద బొంత పెట్టారు, బట్ట ముక్కలతో కుట్టింది. నోన్నాని ఒకసారి తీసుకెళ్ళాను. మనుషులంతా పక్క నుంచి పరుగులు పెడుతుంటే ఆవిడ అద్దానికి ముక్కు ఆనించి కుట్లు చూసింది. చాలాసేపు. "మంచి చెయ్యి" అంది. తర్వాత ఐదు పేర్లూ నెమ్మదిగా చదివింది. మూడో తరగతి చదువుతో ఆవిడ ఏదైనా పైకి చదవడం నేను విన్నది ఆ ఒక్కసారే.

కష్టాలే రాస్తున్నానా? సంతోషాలూ ఉన్నాయి. 1982 జులై 11న ఇటలీ వరల్డ్ కప్ గెలిచిన రోజు సెయింట్ క్లెయిర్ వీధిలోకి మూడు లక్షల మంది వచ్చారంటారు. మీ నాన్నకు పన్నెండేళ్ళు, ఎవరిదో కారు మీదకి ఎక్కాడు. నోన్నా ఇంట్లోంచి రెండు గిన్నెమూతలు తెచ్చి వాయించుకుంటూ చీకటి పడేదాకా నడిచింది. "అంతకు ముందు వీధిలో మా భాష మెల్లగా మాట్లాడేవాళ్ళం. ఆ రోజు తర్వాత గట్టిగా మాట్లాడాను" అనేది. ఆవిడ భాష కూడా ఎంత బాగుండేదో! బేస్‌మెంట్ అంటే బాసమెంతో, ఫెన్స్ అంటే ఫెన్సా, జాబ్ అంటే జోబ్బా. 1971లో మొదటిసారి ఊరికి వెళ్ళి ఆ మాటలే మాట్లాడితే అక్కడ ఎవరికీ అర్థం కాలేదట. మేము ఫోన్లో "డ్రైవ్ చేస్తున్నా, పార్క్ చేశాక కాల్ చేస్తా" అంటే మా అమ్మ విసుక్కున్నట్టు.

ఆ 1971 ప్రయాణానికి ఐదేళ్ళ ముందే వాళ్ళమ్మ పోయింది.

ఈ సంగతి నీకు ఇదివరకు చెప్పలేదు. 2009లో మా నాన్న పోయారని ఫోన్ వచ్చినప్పుడు నీకు రెండున్నరేళ్ళు. నా పాస్‌పోర్టు అప్పుడే రెన్యువల్‌కి ఇచ్చి ఉన్నాను, చేతిలో లేదు. అవతల వాళ్ళు ఆగలేరు. నరసరావుపేటలో అంతా అయిపోయింది, నేను ఇక్కడ ఈ వంటింట్లో నేలమీద కూర్చుని ఉన్నాను. మా పెళ్ళికి ఒప్పుకోక రెండేళ్ళు మాట్లాడని మనిషి, తర్వాత నిన్ను చూసి కరిగిపోయిన మనిషి, ఆయన ముఖం చివరిసారి చూసుకోలేకపోయాను. ఓదార్చడానికి ఎవరెవరో వచ్చారు, ఏవేవో అన్నారు. నోన్నా ఏమీ అనలేదు. కిందకి వెళ్ళి ఒక బిస్కట్ల రేకు డబ్బా తెచ్చింది. డెబ్భై రెండేళ్ళ ఆవిడ మోకాళ్ళ నొప్పితో నాతో పాటు నేలమీద కూర్చుంది. డబ్బాలోంచి ఒక కవరు తీసి నా ఒళ్ళో పెట్టింది.

కవరు అంచు చుట్టూ నల్లటి గీత. వాళ్ళ వైపు చావు కబురు అలాంటి కవర్లో పంపుతారు. మనం శుభలేఖ అంచులకు పసుపు పూసినట్టు, దానికి నలుపు. 1966లో పోస్టుమాన్ అది తలుపు సందులోంచి వేశాడు. నలుపు చూడగానే తెలిసిపోయింది, ఎవరన్నదే తెలియాలి. నోన్నో వచ్చేదాకా తెరవకుండా బల్ల మీద పెట్టి, పిల్లలకు అన్నాలు పెట్టి, దానికేసి చూడకుండా తిరిగిందట. వాళ్ళమ్మకు రాయడం రాదు, ఉత్తరాలన్నీ ఊళ్ళో ఫాదరీ రాసి పంపేవాడు. ఆ ఆఖరి ఉత్తరం కూడా అదే దస్తూరీ. ఎనిమిదేళ్ళుగా అమ్మ మాటలు మోసుకొచ్చిన అక్షరాలే అమ్మ లేదని కూడా చెప్పాయి.

మన వైపు అలాంటి కబురు చదివాక చింపేస్తారు, ఇంట్లో ఉంచుకోరు. ఆవిడ నలభై మూడేళ్ళు దాచింది. ఆ కవరు నా ఒళ్ళో పెట్టి, నా తల తన భుజానికి ఆనించుకుని "ఫిగ్గ్యా మియా" అంది. నా కూతురా అని. నేను ఆ రోజు దాకా ఆవిడను అత్తగారనే అనుకునేదాన్ని.

నిజానికి మొదటి రోజే గ్రహించాల్సింది. 2002లో మీ నాన్న నన్ను ఇంటికి తీసుకెళ్ళినప్పుడు నేను వణికిపోతున్నాను. మతం అడుగుతుందేమో, మాంసం తినవా అంటుందేమో, మా పిల్లవాణ్ణి ఎక్కడికి లాక్కుపోతావని అంటుందేమో అని ఎన్నో జవాబులు తయారు చేసుకుని వెళ్ళాను. కాఫీ పోసి, నన్ను ఒక్కటే అడిగింది, మీ నాన్న చేత చెప్పించి: "మీ అమ్మ ఎక్కడ ఉంటుంది? ఎన్నాళ్ళయింది చూసి?" మూడేళ్ళు అన్నాను. ఆవిడ లేచి వెళ్ళి ఇంకో ప్లేటు నిండా తెచ్చి పెట్టింది.

ఇంక నీ సంగతి. 2006 నవంబరులో పురుడు పోయడానికి అమ్మమ్మ వచ్చింది. ఇద్దరు ముసలమ్మలు, ఒకే వంటిల్లు, ఒకళ్ళ మాట ఒకళ్ళకు రాదు. బాలింతకు నీళ్ళెక్కువ తాగనివ్వకూడదని అమ్మ, గిన్నెడు కోడి పులుసులో నక్షత్రాల్లాంటి చిన్న పాస్తా వేసి తాగించాలని నోన్నా. అమ్మ వెల్లుల్లి కారం నూరితే మాత్రం నోన్నా రొట్టె ముంచుకుని తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుని మళ్ళీ ముంచింది. వాళ్ళ ఊళ్ళో కూడా మిరపకాయలు సూదీ దారంతో గుచ్చి దండలు కట్టి ఎండబెడతారు. అప్పటి నుంచి వాళ్ళిద్దరికీ తగువు రాలేదు.

నీకు ఇరవై రోజులప్పుడు ఒక సాయంత్రం గుక్కపట్టి ఏడ్చావు. పాలు పట్టవు, ఎత్తుకుంటే ఊరుకోవు. జ్వరం లేదు. పొద్దున ఎవరో వచ్చి చూసి వెళ్ళారు, పిల్ల బొద్దుగా ఉందన్నారు. అమ్మ గుప్పెట్లో ఉప్పూ ఎండుమిరపకాయలూ తీసుకుని గదిలోకి వచ్చేసరికి, నోన్నా సూప్ ప్లేటులో నీళ్ళు, చిన్న గిన్నెలో ఆలివ్ నూనె పట్టుకుని అప్పుడే వస్తోంది. ఇద్దరూ ఒకళ్ళ చేతులు ఒకళ్ళు చూసుకున్నారు. ఒక్క మాట లేదు. అమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది.

నోన్నా పెదాలు కదుపుతూ నూనెలో వేలు ముంచి నీళ్ళలోకి ఒక్కొక్క చుక్కే వదిలింది. చుక్క గుండ్రంగా నిలిస్తే ఏమీ లేనట్టు, పరుచుకుపోతే దిష్టి తగిలినట్టు. మొదటి చుక్క నీళ్ళమీద పడీ పడగానే విచ్చుకుపోయింది. ఆవిడకు ఆవులింతలు మొదలయ్యాయి, కళ్ళవెంట నీళ్ళు కారేటంత. అలా వస్తే దిష్టి తీసేవాళ్ళకి ఎక్కుతున్నట్టట. ఇటు అమ్మ నీ చుట్టూ మూడుసార్లు తిప్పుతూ "ఇరుగుదిష్టి, పొరుగుదిష్టి" అంటోంది. నేను మధ్యలో నిన్ను పట్టుకుని కూర్చున్నాను. మిరపకాయలు స్టవ్ మీద వేస్తే స్మోక్ అలారం ఇల్లంతా మోగింది, ఆ మోతలో నువ్వు నిద్రపోయావు. పడుకునే ముందు నోన్నా అమ్మ నుదుటి మీద ముద్దు పెట్టింది. అమ్మకు అలవాటు లేదు కదా, సిగ్గుతో ముఖం ఎర్రబడిపోయింది.

2013లో నోన్నో పోయాక ఆవిడ నలుపు తప్ప కట్టలేదు. పన్నెండేళ్ళు. పై వంటిల్లు అద్దంలా మెరిసేది, వంటంతా కింద బేస్‌మెంట్లోనే. వరండా కింద చలిగదిలో, కంతీనాలో, టమాటా సీసాలు వరసగా. ప్రతి సెప్టెంబరూ పది బుట్టలు, బుట్టకు పాతిక కిలోల దాకా. కడగడం, కొయ్యడం, మిషన్లో తిప్పడం, సీసాకు ఒక బేసిల్ ఆకు, ఆ సీసాల్ని పెద్ద డ్రమ్ములో పాత గుడ్డల మధ్య పేర్చి ఉడికించడం. పోయినేడాది సెప్టెంబరులో కుర్చీలో కూర్చునే చేయించింది. నువ్వు ఆకులు వేశావు. రెండేసి వేస్తున్నావని నీ చేతి మీద చిన్న దెబ్బ వేసింది, గుర్తుందా? ఆ సీసాలు ఇంకా పద్నాలుగు ఉన్నాయి. ఈ సెప్టెంబరులో నేనూ మీ నాన్నా మీ పెద్దత్తా చేశాం. వాటిని వేరే అరలో పెట్టాను. పాతవి కలిసిపోకూడదని.

వచ్చేవారం అంజూర చెట్టును చలికి చచ్చిపోకుండా పూడ్చాలి. ఒక పక్క వేళ్ళు కోసి, కొమ్మలు తాడుతో కట్టి, మెల్లగా కందకంలోకి వంచి, పైన చెక్కలు, పాత తివాచీలు, ఆకులు, మట్టి. నోన్నో పోయాక ప్రతి ఏడూ ఆవిడ పక్కన నిలబడి "పియానో, పియానో" అనేది, నెమ్మదిగా అని. వంచేటప్పుడు ఎక్కడ ఆపాలో ఆవిడకే తెలుసు. ఈసారి మీ నాన్న భయపడుతున్నాడు. నేను ధైర్యం చెబుతున్నాను కానీ నాకూ టెన్షన్‌గానే ఉంది.

నువ్వు అక్కడే ఉన్నావు కాబట్టి ఒక పని చేసి పెట్టు. పియర్ 21లో ఇప్పుడున్న మ్యూజియంలో కుటుంబ చరిత్ర చూసే విభాగం ఉంది. ఓడల ఫోటోలు ఉంటాయి. సతూర్నియాది దొరికితే మీ నాన్నకు ఒకటి తీసుకో. 1935 తర్వాత వచ్చినవాళ్ళ కాగితాలు ప్రభుత్వం దగ్గరే ఉంటాయి, అర్జీ పెట్టాలి, ఎలా పెట్టాలో వాళ్ళు చెబుతారు. ఒక్కటి గుర్తు పెట్టుకో: మన ఇంటిపేరుతో వెతికితే దొరకదు. ఇటలీలో ఆడవాళ్ళు పెళ్ళయినా కాగితాల మీద పుట్టింటి పేరే ఉంచుకుంటారు. ఆ గేటు దాటినప్పుడు ఆవిడ పేరు ఇంకా ఆ బొగ్గులు కాల్చే మనిషి కూతురి పేరే. ఆ పేరు చెప్పి అడుగు.

ఇంకొకటి. ఆ నూనె చుక్కలు వేసేటప్పుడు పెదాల కదలికతో చెప్పే మాటలు ఉన్నాయే, అవి ఎప్పుడు పడితే అప్పుడు చెప్పకూడదు, కాగితం మీద రాయకూడదు. క్రిస్మస్ ముందు రాత్రి మాత్రమే ఒకళ్ళు ఇంకొకళ్ళకు చెవిలో చెప్పాలి. 2019లో అందరూ పైన తింటుంటే నన్ను కింద వంటింట్లోకి పిలిచి, తలుపు వేసి, చెప్పింది. నేను చర్చికి వెళ్ళేదాన్ని కాదు కదా అంటే, "నువ్వు అమ్మవి కదా" అంది. మూడుసార్లు నా చేత అనిపించుకుంది.

టికెట్ ఇప్పుడే బుక్ చేసుకో, డిసెంబరు 24 రాత్రికి ఇంట్లో ఉండాలి. 23నే వస్తే ఇంకా మంచిది, ఆ రోజుల్లో మంచు పడితే విమానాలు ఆపేస్తారు. స్వెట్టర్ వేసుకోకుండా ఆ సముద్రం గాలిలో తిరగకు.

ప్రేమతో,
అమ్మ